పలకరించడానికి వచ్చినవాళ్ళు

"టీ ఇంకా రాలేదేంటి?" పద్మనాభం వంటింటి వైపు చూసి కేక వేశాడు.

స్టవ్ మీద గిన్నె పెట్టిన చప్పుడు వినిపించింది. పెట్టిన చప్పుడు కాదు, కొట్టిన చప్పుడు.

"విన్నారుగా! ఆపరేషనై ఇవాళ్టికి పదకొండు రోజులు. పదకొండు రోజులుగా మా విద్యది ఇదే వరస," అన్నాడు ఎదురుగా కూర్చున్న ఆదిశేషుతో.

ఆదిశేషు, ఆయన భార్య నళిని పలకరించడానికి వచ్చారు. అమెరికాలోని ఆష్‌బర్న్‌లో ఒక తెలుగు ఇంట్లో ఆపరేషన్ జరిగితే వాట్సాప్ గ్రూపు ఊరుకుంటుందా? ఏ రోజు ఎవరు వెళ్ళాలో అప్పుడే వంతులు వేసేసుకుంది. వంతు వచ్చినవాళ్ళు పప్పో పులిహోరో డబ్బాలో పెట్టుకుని వస్తారు. గంటసేపు కూర్చుంటారు. టీ తాగి వెళతారు. ఆ శనివారం అప్పటికే రెండు జంటలు వచ్చి వెళ్ళాయి.

పద్మనాభం రిక్లైనర్‌లో వెనక్కి వాలి ఉన్నాడు. కాలు గుండె కంటే ఎత్తులో ఉండాలని సర్జన్ చెబితే కొన్న కుర్చీ అది. పక్కనే, మోకాలు ఆనించి తోసుకుంటూ వెళ్ళే చక్రాల బండి. దాని బుట్టలో టీవీ రిమోట్, ఫోన్ చార్జర్ ఉన్నాయి.

ఫోన్‌లో ఎక్స్‌రే తీసి చూపించాడు. "బొటనవేలి పక్కన ఎముక పొడుచుకొచ్చింది కదా, దాన్ని కట్ చేసి రెండు స్క్రూలు వేశారు. రెండో వేలు వంకరపోయిందని సరిచేసి పిన్ను దించారు. పిన్ను కొస బయటికే ఉంటుంది, చూడండి."

నళిని చూడలేక మొహం తిప్పుకుంది. "అమ్మో! నొప్పి ఎలా ఉంది అన్నయ్యగారూ?"

"రాత్రుళ్ళు నిద్రే లేదు చెల్లెమ్మా. మూలుగులతోనే తెల్లారుతోంది. గోరుచుట్టు మీద రోకటిపోటని, పొద్దున లేస్తే ఈవిడ చిరాకు ఒకటి."

"ఆరు వారాలు కాలు కింద పెట్టకూడదంట కదా?" అన్నాడు ఆదిశేషు.

"అసలు వెయిట్ పెట్టకూడదు. పెడితే పిన్ను కదులుతుంది. కదిలిందా, మళ్ళీ కోత, మళ్ళీ స్క్రూలు. సోమవారం ఎక్స్‌రే ఉంది. అదే టెన్షన్."

ఆ టెన్షన్ నిజమే. సోమవారం తలచుకుంటే ఆ ఇంట్లో ఇద్దరికీ అన్నం సయించడం లేదు.

నళిని లేచింది. "టీ నేను పెడతానుండండి. విద్య ఒక్కతే పాపం..."

"కూర్చో చెల్లెమ్మా. ఇంటికొచ్చినవాళ్ళ చేత టీ పెట్టించుకుంటే రేపు మీ గ్రూపులో మా పరువేం కాను?"

నళిని మొహమాటంగా కూర్చుంది.

ఎట్టకేలకు విద్య వచ్చింది. వచ్చింది అనడానికి కూడా లేదు. వంటింటి గుమ్మానికి ఆనుకుని అక్కడే ఆగిపోయింది. చేతిలో ట్రే ఉంది.

"ఎవరి కప్పు వాళ్ళు వచ్చి తీసుకోండి," అంది.

ఆదిశేషు ఉలిక్కిపడి లేచాడు. గబగబా వెళ్ళి ట్రే అందుకున్నాడు.

"చూశారా మర్యాద!" అన్నాడు పద్మనాభం. మొహం ఎర్రబడింది. "విద్యా, మంచినీళ్ళు."

"మీరే లేచి తెచ్చుకోండి."

"ఏంటీ?"

"లేచి, నాలుగడుగులు వేసి, తెచ్చుకోండి అంటున్నా."

గొంతు పెంచలేదు. పళ్ళు బిగబట్టి అంది. నళిని కప్పులోకి తలదించేసుకుంది. ఆదిశేషు పైన తిరుగుతున్న ఫ్యాన్‌ని చూస్తూ కూర్చున్నాడు.

"మనుషుల ముందు ఇలా మాట్లాడుతోందంటే, ఎవరూ లేనప్పుడు ఎలా ఉంటుందో మీరే అర్థం చేసుకోండి," అన్నాడు పద్మనాభం. "ఇంకా నెల పైన ఉంది. ఇదంతా నేను భరించాలి. ఏ జన్మలో చేసుకున్న పాపమో!"

"పాపం మీది కాదులెండి, నాది," అంది విద్య.

"నోరు ముయ్యి!"

చివరికి నీళ్ళు వచ్చాయి. విద్యే తెచ్చింది. గ్లాసు టక్కున పెడితే సగం బల్ల మీదే ఒలికింది. ఆ ఒలికినవి తుడవమని కూడా పద్మనాభమే చెప్పాల్సి వచ్చింది.

ఆదిశేషు దంపతులు టీ సగంలోనే వదిలేసి లేచారు. "రెస్ట్ ముఖ్యం, రెస్ట్ ముఖ్యం," అని గుమ్మం దగ్గర రెండుసార్లు చెప్పి, బూట్లు సగం తొడుక్కుని బయటపడ్డారు.

"మనం రాకపోయినా బాగుండేది," అంది నళిని కారులో.

ఆదివారం ఇంకో మూడు జంటలు వచ్చాయి. మూడుసార్లు టీ అయింది. మూడుసార్లూ గిన్నెల చప్పుడు హాల్లోకి వినిపించింది.

సోమవారం పొద్దున సర్జన్ పాత ఎక్స్‌రే, కొత్త ఎక్స్‌రే తెర మీద పక్కపక్కన పెట్టి చూసింది. ఆమె మొహంలో నవ్వు పోయింది.

"పిన్ను వంగింది. ఎముక పక్కకి జరిగింది. మళ్ళీ ఆపరేషన్ చేయాలి."

పద్మనాభం నుదురు తుడుచుకున్నాడు. "ఇంకో దారి లేదా డాక్టర్?"

"లేదు. ఈ కాలి మీద నిలబడ్డారు. ఒక్కసారి కాదు, రోజూ నిలబడ్డారు. ఇలా ఎలా జరిగింది? ఇంట్లో చూసుకోవడానికి ఎవరూ లేరా?"

"ఎందుకు లేరు డాక్టర్, దగ్గరుండి చూసుకోవాలనే కదా నేను లీవు పెట్టి పదమూడు రోజులుగా ఇంట్లోనే ఉన్నాను," అన్నాడు పద్మనాభం, పరీక్ష బల్ల మీద కట్టు విప్పి ఉన్న విద్య కాలిని చూపిస్తూ.