మేడలో పని

“కిటికీలు మూసేస్తున్నారేంటి?”

ఇటుకలు పేరుస్తున్న మేస్త్రీని ముసలమ్మ అడిగింది. బట్టల కొట్టుగా ఉన్నప్పుడు ఊడ్చే పనికి ఈ మేడలో చేరింది. తర్వాత బ్యాంకు వచ్చింది, ఆపైన ఆసుపత్రి వచ్చింది. ఎవరొచ్చినా ఆమెను ఉంచుకున్నారు. మోకాళ్లు మొరాయిస్తున్నాయని ఇవాళ తన బదులు కోడల్ని వెంటబెట్టుకొచ్చింది.

“ఈసారి కంప్యూటర్లు పెడతారట పెద్దమ్మా.”

“ఏం పెడితేనేం, దుమ్ము పడక మానుతుందా? మా కోడలు అద్దంలా ఊడుస్తుంది.”

“మనుషులొస్తేగా దుమ్ము! లోపల మిషన్లే ఉంటాయి. తాళం వేసుకుని వెళ్లిపోతారు.”

ముసలమ్మ కోడలి వైపు తిరిగింది.

“పోనీలేవే. నీ కుట్టుపని నీకుందిగా.”

“మీరు ఇది ఖాయమన్నారని నిన్ననే మానేశానత్తయ్యా. నా చోట ఇంకొకామె చేరిపోయింది.”

మేస్త్రీ ఇంకో ఇటుక అందుకున్నాడు.