ఎర్రపిట్ట ముక్కు

“ఈసారి కూడా కాదంటే కెమెరా అమ్మేస్తాను లీలా. ఒట్టు!” అన్నాడు వీరభద్రం, కారు పార్కులోకి తిప్పుతూ.

పక్క సీట్లో లీలావతి చేగోడీల డబ్బా మూత తీసింది. “అమ్మితే అమ్మండి. శనివారాలు నాకు నిద్రయినా మిగులుతుంది.”

అమెరికాలోని డబ్లిన్‌లో పదిహేనేళ్ళుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న వీరభద్రానికి పిట్టల పిచ్చి పట్టి రెండేళ్ళయింది. అరుదైన పిట్ట కనబడితే ఊళ్ళోని పక్షుల క్లబ్‌కి ఫోటో పంపాలి. క్లబ్ రివ్యూయర్ ఒప్పుకుంటేనే అది లెక్కలోకి వస్తుంది. మొహమాటాలు అడ్డురాకూడదని ఆ రివ్యూయర్ ఎవరో క్లబ్ బయటపెట్టదు.

వీరభద్రం ఇప్పటికి రెండు పిట్టల్ని పంపాడు. రెండూ తిరిగొచ్చాయి. రెండుసార్లూ ఒకటే జవాబు: ‘ఇది గింజలు కొరికి తినే మామూలు ఫించ్ పిట్ట. ముక్కు చూడండి.’ కోపం ఆపుకోలేక ఆ సంగతి తనే నలుగురికీ చెప్పుకున్నాడు. దాంతో తెలుగువాళ్ళ పార్టీల్లో ఆయన పేరు ‘ఫించ్ భద్రం’ అయి కూర్చుంది.

“ఆ రివ్యూయర్ కచ్చితంగా మా ఆఫీస్ విశ్వనాథమే,” అన్నాడు ట్రైపాడ్ దింపుతూ. “నా ప్రమోషన్ చూసి ఓర్వలేక రిజెక్ట్ చేస్తున్నాడు.”

“ఆయనకంత తీరికెక్కడిదండీ?” అంది లీలావతి, శాలువా బిగించుకుంటూ.

గురువారం వాకింగ్‌లో ఈ పార్కులోనే ఎర్రగా ఏదో మెరిసి మాయమైంది. అప్పట్నుంచి ఆయనకు కంటిమీద కునుకు లేదు. పుస్తకాలన్నీ తిరగేశాడు. గుప్పెడంత ఒళ్ళు, కుంకుమరంగు తల, అదే రంగు రొమ్ము, కళ్ళకు గంతలు కట్టినట్టు నల్లటి పట్టీ. వెర్మిలియన్ ఫ్లైక్యాచర్! మెక్సికో, ఆ కిందనున్న వేడిదేశాల్లో ఈగల్నీ పురుగుల్నీ పట్టుకు తినే పిట్ట, దారితప్పి ఇంత పైకి వచ్చిందన్నమాట.

పావుగంట తిరక్కుండానే పొదమీద ఎర్రగా కదిలింది. వీరభద్రం టకటకా పది ఫోటోలు కొట్టాడు.

“దొరికేసింది! ఎర్ర తల, ఎర్ర రొమ్ము! విశ్వనాథం, ఇప్పుడేమంటావ్?”

లీలావతి చేగోడీ నములుతూ చూసింది. “ముద్దుగా ఉందండీ. కానీ ఈగల్ని పట్టుకునేదానికి అంత లావు ముక్కెందుకో! నా చేగోడీ కూడా కొరికేసేలా ఉంది.”

వీరభద్రం కెమెరాలో బొమ్మ పెద్దది చేసి చూశాడు. లావు ముక్కే. పొట్టమీద చారలు కూడా ఉన్నాయి. ఫించ్! అంత చలిలోనూ ఆయనకు చెమట పట్టింది. ఇంటికెళ్ళి ఇదే పంపి ఉంటే?

“నేనూ అదే అనుకుంటున్నా,” అన్నాడు గంభీరంగా.

గంట గడిచింది. ఏమీ లేదు. వీరభద్రం మొహం వేలాడిపోయింది.

“ఈ నీడలో చలి చంపేస్తోంది. ఆ కంచె దగ్గర కూర్చుందాం రండి,” అంది లీలావతి. “పురుగులు ముసురుతున్నాయి గానీ, ఎండైనా ఉంది.”

“నీ చలి గోల నీది, నా పిట్ట గోల నాది,” అని విసుక్కుంటూనే వెళ్ళాడు.

కంచె తీగమీద నిప్పుకణంలా కూర్చుని ఉంది. ఎర్ర తల. ఎర్ర రొమ్ము. కళ్ళకు అడ్డంగా నల్లటి పట్టీ. చివ్వున గాల్లోకి లేచి, పురుగును నోట కరుచుకుని, మళ్ళీ వచ్చి అదే చోట వాలింది. ముక్కు సన్నగా, పుల్లలా ఉంది.

వీరభద్రం కెమెరా కంటికి ఆనించాడు.

“ఊపిరి బిగపట్టి నొక్కండి,” అంది లీలావతి మెల్లగా.

నొక్కాడు.

ఆ సాయంత్రం మేడమీద గదిలో కూర్చుని ఫోటోలు పంపాడు. ముక్కు గురించే ఒక పేరా రాశాడు. తర్వాత గోళ్ళు కొరుక్కుంటూ మెయిల్ బాక్స్ కేసి చూస్తూ కూర్చున్నాడు. నలభై నిమిషాలకు జవాబు వచ్చింది: ‘ఆమోదించాం. మన క్లబ్ జాబితాలో ఈ పిట్ట ఇదే మొదటిసారి. అభినందనలు.’

వీరభద్రం మెట్లమీదికి పరుగెత్తుకొచ్చాడు. “లీలా! విశ్వనాథం ఒప్పేసుకున్నాడు! పాపం, అనవసరంగా తిట్టుకున్నాను. మంచివాడే!”

“మంచివాడేనండీ!” అని కింద వంటింట్లోంచి కేకేసి, లీలావతి రివ్యూయర్ ఖాతాలోంచి లాగవుట్ చేసి, ల్యాప్‌టాప్ మూసి, పప్పుకు పోపు పెట్టింది.