తర్జుమా మావయ్య

“ఈ ఇంట్లో ఫ్రెంచ్ మాట్లాడటానికి వీల్లేదు” అన్నాడు మావయ్య. మేనకోడలి పెట్టె ఇంకా గుమ్మం దాటనేలేదు.

ఆ పిల్ల ఈ ఫ్రెంచ్ దేశానికి వచ్చిందే ఫ్రెంచ్ కోసం. వేసవి అయ్యేలోగా ఆ భాష పట్టుబడితే ఇక్కడి బైబిలు కాలేజీలో సీటు. లేకపోతే తిరిగెళ్ళి నాన్న దుకాణంలో పొట్లాలు కట్టుకోవడమే.

మావయ్య వెళ్ళే చర్చి ఫ్రెంచ్ వాళ్ళది. ఆదివారం సాయంత్రం ఆరాధన మాత్రం తెలుగువాళ్ళది. అందరూ లాండ్రీల్లో, హోటలు వంటగదుల్లో పనిచేసేవాళ్ళు. వాళ్ళ ఫ్రెంచ్ ధర అడగడంతో మొదలై, మెర్సీ అని థాంక్స్ చెప్పడంతో అయిపోతుంది. పాస్టరుగారు ఫ్రెంచ్‌లో ప్రసంగం చేస్తే పక్కన నిలబడి మావయ్య తెలుగులో చెప్తాడు. ఆ తర్జుమా వినడానికి రెండు బస్సులు మారి వచ్చేవాళ్ళున్నారు. అంతటి మనిషి ఇంట్లో ఉంటే భాష దానంతటదే వస్తుందని ఆ పిల్ల తల్లి ధీమా.

ఆ ధీమా మొదటిరోజే గాల్లో కలిసింది. ఏ మాటకు అర్థం అడిగినా మావయ్యది ఒకటే జవాబు.

“ఫ్రెంచ్ నేర్చుకుంటే వచ్చేది కాదే. దేవుడివ్వాలి.”

“ఇవ్వకపోతే లాక్కుంటాను మావయ్యా.”

“నోరు చూడు, నోరు” అంటూ చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

“తన కిందకి నీళ్ళొస్తాయని ఆయన భయం. నువ్వేం పట్టించుకోకు” అని అత్తయ్య నవ్వింది.

పట్టించుకునే రకం కాదు ఆ పిల్ల. మర్నాడే చర్చి వంటగదిలో తేలింది. అక్కడ ఫ్రెంచ్ ఆడవాళ్ళు కొందరు చేరి, నడవలేని ముసలివాళ్ళ కోసం సూపు కాస్తారు. గిన్నెలన్నీ నేను తోముతాను, నాతో ఫ్రెంచ్ తప్ప ఇంకేదీ మాట్లాడొద్దు అని సైగలతోనే బేరం పెట్టింది. ఆదివారం సాయంత్రం తెలుగు ఆరాధన వేళకీ ఆ గిన్నెల దగ్గరే ఉండేది. తప్పు మాట్లాడితే వాళ్ళు విరగబడి నవ్వేవారు. నవ్వితే నవ్వండి, సరిదిద్ది మరీ నవ్వండి అనేది. ప్రార్థన కూడికలో అందరూ కళ్ళు మూసుకున్నాక, లేచి నిలబడి వచ్చీరాని ఫ్రెంచ్‌లోనే ప్రార్థన చేసేది. సగం వాక్యంలో మాట దొరక్క ఆగిపోతే, పక్కావిడ కళ్ళు తెరవకుండానే ఆ మాట అందించేది.

వేసవి చివరికొచ్చేసరికి ఆ వంటగదిలో పోట్లాడేటంత ఫ్రెంచ్ వచ్చేసింది. ఇక ఆగలేదు. నేరుగా పాస్టరుగారి దగ్గరికెళ్ళి, ఈ ఆదివారం తర్జుమా నేను చేస్తానని ఆయన భాషలోనే అడిగింది.

ఆయన సంతోషించాడు. కానీ ఒక చిక్కు చెప్పాడు. “నాకు తెలుగు రాదమ్మా. నువ్వు సరిగా చెప్పావో లేదో నాకెలా తెలుస్తుంది? రెండు భాషలూ వచ్చినవాడు మీ మావయ్య ఒక్కడే. ఆయన సరేనంటే ఆ రోజే కాలేజీకి నీ సీటు గురించి చెప్తాను.”

అంటే సీటు వెళ్ళి వెళ్ళి మావయ్య చేతిలో పడింది.

ఆ మాట వినగానే మావయ్య మొహంలో రంగు మారింది. “కుదరదు. అంతమందిలో నువ్వు తడబడితే నా పరువేం కాను?”

“తడబడితే పోయేది నా పరువు. నీ పరువు నీ దగ్గరే భద్రంగా ఉంటుంది.”

“అది కాదే అమ్మడూ. వాళ్ళంతా రోజల్లా నిలబడి పనిచేసి వస్తారు. వాళ్ళకేం కావాలో చూసి చెప్పాలి.”

“పాస్టరుగారేం చెప్తే అదే చెప్తాను. ఒక్క ముక్క ఎక్కువుండదు, తక్కువుండదు” అని తెగేసి చెప్పింది.

అన్నట్టే చేసింది. ఆదివారం పాస్టరుగారి పక్కన మెడ నిటారుగా పెట్టి నిలబడింది. ఆయన పాతకాలపు రాజుల పేర్లు వరసగా చెప్పాడు, తనూ చెప్పింది. దేవాలయ స్తంభాల కొలతలు చెప్పాడు, చెప్పింది. ఆరాధనకు వేళకు రావాలని చెప్పి ముగించాడు, ముగించింది. ఎక్కడా తడబడలేదు. లోపల మాత్రం గంతులేస్తోంది.

బెంచీల్లో ఆవులింతలు మొదలయ్యాయి. వారం వారం కళ్ళు తుడుచుకునే లాండ్రీ ఆవిడ, మడత విప్పని చేతిరుమాలు తిరిగి సంచిలో పెట్టేసుకుంది.

“పాస్టరుగారికి ఒంట్లో బాగాలేదేమో” అంది ఆవిడ బయటికి నడుస్తూ. “పోయినవారం అచ్చం మా అబ్బాయి సంగతే చెప్పారు. ఇవాళేంటో, ఒక్క మాటా మనసుకి తగల్లేదు.”

ఆ పిల్లకు ఒళ్ళు మండిపోయింది. ఇంత సరిగ్గా చెప్తే ఇదా మెప్పు? గుమ్మం దగ్గర పాస్టరుగారు అందరికీ చేతులు కలుపుతూ, మావయ్య ఏమంటాడా అని ఇటే చూస్తున్నాడు. హాలు చివర మావయ్య తలొంచుకుని కుర్చీలు మడుస్తున్నాడు. వెళ్ళి ఎదురుగా నిలబడింది.

“మావయ్యా, కోపముంటే ఇంటికెళ్ళాక తిట్టు, పడతాను. ఇక్కడ మాత్రం నిజం చెప్పు. నేనేమైనా తప్పు చెప్పానా?”

అతను ఇంకో కుర్చీ మడిచాడు.

“ఒక్క మాట తప్పుందని చూపించు, ఇప్పుడే వెళ్ళి పెట్టె సర్దుకుంటాను. లేదంటావా, సరిగ్గా చెప్పిందని ఆయనతో అను. నీ చోటు నాకొద్దు, నా సీటు నాకు కావాలి. అంతవరకూ ఇక్కణ్ణుంచి కదలను, నిన్నూ కదలనివ్వను.”

మావయ్య చుట్టూ చూశాడు. దగ్గర్లో ఎవరూ లేరని రూఢి చేసుకుని గొంతు తగ్గించాడు.

“తప్పో ఒప్పో నేనెలా చెప్పేదే, నాకు ఫ్రెంచ్ వస్తే కదా.”