బెల్టు జోరు

"పెరుగు గిన్నె మీద మూతెట్టడానికీ సదువు కావాలేటి?" భోజనం ముందు ప్రార్థన ముగిసిందో లేదో, దోర్కాస్ కోడలి మీద విరుచుకుపడింది. "జీడిపప్పు ఏరడమూ అంతే. విరగని గుండుపప్పులో బద్దలు కలిపేసినావని పలాస షావుకారు డబ్బాలు తిప్పి పంపేసినాడు. రేపట్నుంచి మన ఫ్యాక్టరీకి రాకు."

అనూష మూత పెట్టింది. "నేను ఏరడానికి కూకున్నప్పుడే పప్పు మోసుకొచ్చే బెల్టు పరిగెడతాది అత్తా. మోటారు జోరు పెంచే ఆ డ్రైవు నువ్వే తిప్పుతన్నావు."

"నేనా! ఆ డ్రైవు పెట్టె తాళం నా కాడుందేటి?"

అనేశాక దోర్కాస్ ఆగిపోయింది. తాళం ఎప్పుడూ కొడుకు షాలేమ్ రాజు జేబులోనే ఉంటుంది. వాడు కంచంలోంచి తలెత్తలేదు.

"నువ్వేట్రా తిప్పింది?"

"అందుకోలేక ఇంటికాడ ఉండిపోతాదనుకున్నాను. నా పెళ్లాం కూలోళ్ల పక్కన కూకుంతే నాకు సిగ్గు కాదేటి?"

ఆ కూలివాళ్ల పక్కనే కూర్చుని, చేతులు బొబ్బలెక్కేలా జీడిపిక్కలు కొట్టి వాణ్ణి పెంచింది దోర్కాస్. ఆమె కంచం పక్కకు జరిపింది.

"రేపట్నుంచి బెల్టు కాడ, ఆ కూలోళ్ల పక్కన నువ్వు కూకో," అంది కొడుకుతో. "డ్రైవు నా కోడలు తిప్పుతాది."