తలుపు ముందు గిన్నె

మంచులో సైకిల్ మీద పిజ్జాలు పంచి వచ్చిన అనూహ్య తెల్లబడ్డ వేళ్లకు బామ్ రుద్దుతోంది.

"వేళ్లు తెల్లగైనయి, బామ్ రుద్దినా మండుతలేదక్కా."

పక్క గదిలో, కొవిడ్‌తో తొమ్మిది రోజులుగా మూసిన తలుపు వెనక, ఒకప్పటి నర్సు రాజ్యశ్రీ దగ్గింది.

"రుద్దకే, వేళ్లు పోతయి. గ్లోవ్స్ ఇయ్యని కంపెనీకి వేళ్లు గూడ ఇస్తవా? హీటర్ మీద పెట్టకు, కాలినా తెల్వది. గోరువెచ్చని నీళ్లల్ల ముంచు."

"ఒళ్లంతా మొద్దుబారింది. నీళ్లు ఎంత వేడున్నయో చూసేటందుకు నాకెవరున్నరు?"

లోపల మంచం కిర్రుమంది.

"రోజూ నా కంచం పెట్టే కాడ నీళ్ల గిన్నె పెట్టు. దూరం జరుగు."

అనూహ్య గిన్నె పెట్టి వెనక్కి జరిగాక తలుపు జానెడు తెరుచుకుంది. రాజ్యశ్రీ చెయ్యి బయటికి చాపి, మోచెయ్యి ముంచి చూసింది.

"సరిపోయినయ్. తీస్కపో."

నీళ్లల్లో ముంచిన కాసేపటికి వేళ్లు సలపసాగాయి.

"నొస్తున్నయక్కా."

"వేళ్లకు పానమొస్తున్నది. ఏడ్వు, వింటున్న."