రెండే సీట్లు

"అద్దం దించే పిడి ఎక్కడికీ పోదు, నీ కాళ్ల దగ్గర మళ్లీ చూడు," అన్నాడు భర్త, తన సీటు కింద తడుముతూ.

"చూశానండీ. లేదు," అంది భార్య.

షెడ్డులోని ఆ పాత స్పోర్ట్స్ కారు తలుపులు లోపల్నుంచి తెరుచుకోవు. అద్దం దించి, చెయ్యి బయటపెట్టి తెరవాలి. అతని వైపు అద్దం ఏనాడో బిగుసుకుపోయింది. ఆమె వైపు పిడి ఇందాకే ఊడింది. కొనేవాడు నాలుగింటికి వస్తాడని, ఆఖరుసారి కాసేపు కూర్చుందామని ఎక్కారిద్దరూ.

"ఇంటిల్లిపాదీ పట్టే కొత్త బండి కొందాం, దీన్ని అమ్మెయ్యమని ఆరేళ్లు నా ప్రాణం తీశావు. ఇప్పుడు ఇందులోనే ఉడికి చచ్చేట్టున్నాం."

ఇంట్లోంచి అతని తల్లి గొంతు వినిపించింది. "అమ్మాయ్, నా కళ్లజోడు ఎక్కడ పెట్టావే?"

వెనకే తమ్ముడి గొంతు. "వదినా, నా చొక్కా ఇస్త్రీ అయిందా?"

అతను హారన్ నొక్కబోయాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"కొత్త బండిలో ముందు సీటు ఎవరిదండీ?"

"అమ్మదే. మోకాళ్ల నొప్పులు కదా."

"మరి నేను?"

"వెనక, పిల్లలతో."

"ఇందులో అయితే నన్ను జరగమనేవాళ్లు లేరు," అందామె నెమ్మదిగా.

అతను ఆమె వైపు తిరిగాడు. ఒళ్లో బిగించి పెట్టుకున్న ఆమె గుప్పిట్లోంచి పిడి కొస మెరుస్తూ కనబడింది.

ఎవరో అద్దం మీద తట్టారు. కొనడానికి వచ్చినాయన.

"ఇరుక్కుపోయారా సార్? తలుపు తియ్యమంటారా?"

"వద్దండీ," అన్నాడతను లోపల్నుంచే. "అమ్మడమూ లేదు, దిగడమూ లేదు."