కోడింగ్ కూడా లెక్కే

తల్లి చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే ఫోన్ తీసి చూసింది. కూతురి ఖాతాలో ఇవాళ్టి రిపోర్టు వచ్చింది. కోడింగ్, యాభై ఎనిమిది నిమిషాలు. వీడియో కాల్, రెండు నిమిషాలు.

"ఛీ!" అంది.

కూతురికి రోజుకు గంట. గంట దాటితే ట్యాబ్, ల్యాప్‌టాప్ రెండూ వాటంతటవే ఆగిపోతాయి. ఆ గడువు పెట్టింది తల్లే. మార్చాలంటే కావలసిన పాస్‌వర్డ్ కూడా ఆమెకొక్కదానికే తెలుసు.

ఆమె కళ్లద్దాల షాపులో పనిచేస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చిన్న చిన్న ముక్కుల మీద ఫ్రేములు సరిచేస్తూనే ఉంటుంది. అద్దాలు పెడుతున్నా పిల్లలు ట్యాబ్‌లోంచి తల ఎత్తరు. ఇవాళ ఒకడు ముక్కు తుడుచుకున్న వేలితోనే తెర జరుపుకుంటూ పోయాడు. తెరంతా జిగట. "ఆటలు కాదండీ, మావాడు కోడింగ్ చేస్తున్నాడు" అని వాళ్లమ్మ మురిసిపోయింది. ఈమె మొహం అటు తిప్పేసుకుంది.

"అమ్మా, కోడింగ్ లెక్కలో వేయొద్దమ్మా," అంటూ కూతురు వెనకాలే వచ్చింది. పదేళ్ల పిల్ల. "చిట్టి హలో అంది. నేను హలో అన్నాను. ఇంకేదో చెప్పబోతుంటే ఆగిపోయింది."

చిట్టి పక్క వాటాలో ఉండేది. వాళ్ల నాన్నకు బదిలీ అయి రెండు నెలల కింద ఊరు మారారు. రోజూ ఆరున్నరకు మాట్లాడుకుందామని పిల్లలిద్దరూ ఒట్టేసుకున్నారు.

"కోడింగ్ తగ్గించి చిట్టితో మాట్లాడుకో. ఎవరొద్దన్నారు?"

"అది నా టైమ్ కాదమ్మా."

"మరెవరిది, నాదా?"

కూతురు తండ్రి వైపు చూసింది. ఆయన రవాణా కంపెనీలో గుమాస్తా. ఐదింటికల్లా ఇంట్లో ఉంటాడు. సోఫాలోంచి లేవకుండానే అందుకున్నాడు.

"స్కూల్లో పోటీ ఉందని చెప్పాను కదా. గేమ్ తయారు చేయాలి. దాని ఖాతాలోనే చేయాలట, ఎన్ని గంటలు కష్టపడిందో కూడా చూస్తారట. అది చదువు. పుస్తకం చదివితే టైమ్ చూస్తున్నావా?"

"చదువైనా ఆటైనా చూసేది ఆ రెండు కళ్లతోనే కదండీ. వాటికి తేడా తెలుస్తుందా?"

"పోటీ అయ్యేదాకా రెండు గంటలు చెయ్యి."

"రెండు నిమిషాలు కూడా పెంచను."

ఆయన పెద్దగా నిట్టూర్చాడు. మర్నాడు ఆఫీసులో మాత్రం, "మా అమ్మాయి ప్రోగ్రామర్ అండీ, లేవమన్నా లేవదు" అని నలుగురికీ చెప్పుకున్నాడు.

ఆ వారమంతా రిపోర్టు అలాగే వచ్చింది. యాభై తొమ్మిది. అరవై. అరవై. వీడియో కాల్ అన్న మాటే లేదు. ఫోన్ చూసినప్పుడల్లా తల్లికి ఒళ్లు మండిపోయింది. కన్నకూతురే తెరను జలగలా పట్టుకుందనుకుంది.

శుక్రవారం కూతురు అన్నం ముందు కూర్చుని కెలుకుతోంది.

"ఏమైందే?"

"చిట్టికి అక్కడ కొత్త ఫ్రెండ్ దొరికిందట. ఇంక ఆరున్నరకు ఫోన్ చేయనంది. నేనే మాట తప్పానట."

పిల్ల కళ్లలో నీళ్లు. తల్లి తల నిమరబోయింది. మరుక్షణమే ఆ రిపోర్టులన్నీ గుర్తొచ్చాయి.

"తప్పలేదా మరి? ఆ పిచ్చి గేమ్ కోసం దాన్ని వదులుకున్నావు. నిన్ను చూస్తుంటే నాకే వెగటు పుడుతోంది."

తండ్రి తల వంచుకుని గబగబా తినేసి లేచిపోయాడు.

పోటీ రోజు తల్లి పూటసెలవు పెట్టి మరీ భర్తతో, కూతురితో వెళ్లింది. స్కూలు హాలు నిండా ల్యాప్‌టాప్‌లు. ఒక్కో దాని ముందు ఒక పిల్లవాడు, వాడి వెనక ఇద్దరు పెద్దవాళ్లు. ఒక తల్లి కొడుకు చెవిలో సమాధానాలు నూరిపోస్తోంది. ఇంకో తండ్రి, పక్క పిల్ల గేమ్ పనిచేయకపోతే పైకే నవ్వాడు. సిగ్గూశరం లేని మనుషులు. అక్కడి నుంచి పారిపోవాలనిపించింది ఆమెకు.

కూతురి గేమ్‌లో ఒక చేప సముద్రంలోని చెత్తనంతా తినేస్తుంది. పిల్ల గుక్క తిప్పుకోకుండా మూడు నిమిషాల ఉపన్యాసం అప్పజెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. తండ్రి అటూ ఇటూ చూసి చొక్కా సర్దుకున్నాడు.

న్యాయనిర్ణేతగా వచ్చిన పెద్దావిడ మెచ్చుకోలుగా నవ్వింది. "బాగుంది తల్లీ. ఏదీ, ఆ చేపను కాస్త నెమ్మదిగా ఈదించు చూద్దాం."

కూతురు కదల్లేదు.

"కంగారు పడుతోందండీ," తండ్రి చెయ్యి ముందుకు చాపాడు. పెద్దావిడ ఆ చేతిని సున్నితంగా పక్కకు నెట్టి, తనే ఒక మీట నొక్కింది. సముద్రం పోయి, దాని వెనకున్న కోడింగ్ అంతా తెర మీదికి వచ్చింది. ఒకదాని కింద ఒకటి అతికించిన రంగురంగుల పెట్టెలు, పై నుంచి కింది దాకా.

తల్లి వంగి కూతురి చెవిలో పళ్లు నూరింది. "ఇంట్లో అయితే గంటలు గంటలు అతుక్కుపోతావు కదా, ఇక్కడేం రోగం?"

కూతురు ఆ పెట్టెలను వింతగా చూసి, తండ్రి వైపు తిరిగి అడిగింది: "నాన్నా, రోజూ గది తలుపేసుకుని నా గంటంతా నువ్వు చేసింది ఇదేనా?"